పేర్లు దిద్దిన నెఫీసె

నెఫీసెకు కోపం తెప్పించాలంటే కంప్యూటర్లో ఎవరి పేరైనా కొట్టి, దాని వెనక ఒక ఖాళీ వదిలేస్తే చాలు. కంటికి కనబడని ఖాళీ అది. కానీ దానివల్ల ఒకే మనిషి యంత్రానికి ఇద్దరుగా కనిపిస్తాడు. ఇద్దరికీ చెత్త పన్ను నోటీసు వెళ్తుంది. ఇద్దరి తరఫునా ఒక్కడే వచ్చి నా కౌంటరు ముందు నిలబడి అరుస్తాడు. ఆ ఖాళీలు ఏరడం ఆమె పని, తిట్లు తినడం నా పని. మున్సిపాలిటీ పన్నుల గదిలో మా బల్లలు రెండూ ఆనుకుని ఉండేవి.

ఖాళీలొక్కటే కాదు. కొందరు గుమాస్తాలు మన సిరిలిక్ అక్షరాల మధ్యలో లాటిన్ అక్షరాలు కొట్టేసేవాళ్ళు. మన 'అ', వాళ్ళ 'అ' చూడ్డానికి ఒకటే, యంత్రానికి మాత్రం వేరు. ఆ మనిషి పేరు ఎంత వెతికినా దొరకదు. నెఫీసె కళ్ళజోడు ముక్కు చివరికి దించి, తెరకు దగ్గరగా వంగి, "ఇదిగో, దొంగ" అనేది. అన్నాక ఒక మీట నొక్కేది. అంతకు మించి సంతోషం ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

సన్నటి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మధ్యాహ్నం నేను జున్ను పెట్టి కాల్చిన బానిత్స తింటుంటే తను ఉడికించిన చిక్కుళ్ళు, ఊరబెట్టిన మిరపకాయ తినేది. కాఫీ మాత్రం కింద మెట్ల దగ్గరున్న మిషనులోదే ఇద్దరికీ. పూర్తి పేరు నెఫీసె రమదాన్ సాలి. అంతకుముందు కొన్నేళ్ళ పాటు నెవేనా రదానొవా స్లావొవా. మా కొండల వైపు టర్కుల ఇళ్ళలో పుట్టి, మా వయసుకు వచ్చిన ప్రతివాళ్ళకీ ఇలాంటి రెండో పేరొకటి ఉంటుంది. టర్కు పేర్లు ఇక చెల్లవంటూ ఎనభై అయిదు జనవరిలో బల్గేరియా ప్రభుత్వం పెట్టింది అది. నేను బల్గేరియన్ని, నా పేరు దోబ్రింకా, పుట్టినప్పటి నుంచీ అదే. అందుకని ఆ సంగతి నేనెప్పుడూ ఆమెని అడగలేదు. ఒక చలికాలం బాయిలరు చెడిపోయి, ఆఫీసులో అందరం కోట్లు విప్పకుండా కూర్చున్న రోజున తనే చెప్పింది.

పేర్లు మార్చేనాటికి ఆమెకు పంతొమ్మిది నిండలేదట. మా ఊరికి ఎగువన ఉన్న పొగాకు పల్లె వాళ్ళది. టైపు నేర్చుకుని గ్రామ కౌన్సిల్లో కొత్తగా చేరింది. మంచు మోకాళ్ళ లోతు పడింది. పల్లె చుట్టూ మిలీషియా పోలీసులు నిలబడ్డారు. ఒక్కొక్క ఇంటివాళ్ళనీ కౌన్సిల్‌కి పిలిపించారు. లోపల బల్ల మీద కొత్త పేర్ల పుస్తకం ఉంది. వచ్చినవాళ్ళు అందులోంచి ఒక పేరు ఎంచుకోవాలి, నెఫీసె టైపు కొట్టాలి. ఎడమ వైపు పాత పేరు, కుడి వైపు కొత్త పేరు. మొట్టమొదట ఆమె సొంత పేరే కొట్టించారు, చూసి మిగతావాళ్ళు మొరాయించకుండా ఉంటారని.

మర్నాడు వాళ్ళ నాన్న రమదాన్ వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కౌన్సిల్ కార్యదర్శి పుస్తకం ఆయన ముందుకి జరిపాడు.

"తొందరగా చెప్పు రమదాన్ అన్నా. వెనక చాలామంది ఉన్నారు."

ఆయన పుస్తకం వైపు చూడనేలేదు.

"సరే, నీ కూతురు ఇక్కడే ఉందిగా. చూడమ్మాయ్, మీ నాన్నకి ఏది నప్పుతుందో నువ్వే చెప్పు."

నెఫీసె ఆలోచించి 'రదాన్' అని కొట్టింది.

"వీలైనంత తక్కువ పోవాలని చూశాను దోబ్రా," అంది నాతో, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని. "మధ్యలో ఒక్క 'మ' తీశాను. అంతకంటే తక్కువ తీయడం ఎవరి వల్లా కాదు. పుస్తకమంతా వెతికి చూడు కావాలంటే."

ఆయన కాగితం తీసుకుని చదివాడట. "బాగా కోశావు" అన్నాడట. కూతురితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఒకే పందిరి కింద కూర్చుని పొగాకు ఆకులు గుచ్చేవాళ్ళు. "సూది అందించమను దాన్ని" అని భార్యతో అనేవాడు, కూతురు పక్కనే కూర్చుని ఉండగా.

ఎనభై తొమ్మిది వేసవిలో సరిహద్దు తెరిచారు. పల్లెలకి పల్లెలు కార్లెక్కి టర్కీ దారి పట్టాయి. రమదాన్ తనకీ, భార్యకీ, కొడుక్కీ పాస్‌పోర్టులు తెచ్చుకున్నాడు. కూతురి సంగతి ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. ఫ్రిజ్జూ మంచమూ కారు మీద కట్టి బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఆయన మాత్రం తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంటున్నాడట. నెఫీసె గేటు దగ్గర రొట్టె పట్టుకుని నిలబడింది. దారిలో తినడానికని తనే కాల్చింది. ఎవరూ అందుకోలేదు.

కమ్యూనిస్టుల పాలన పోయాక పాత పేర్లు తిరిగి తీసుకోవచ్చని చెప్పినప్పుడు కోర్టుకి వెళ్ళినవాళ్ళలో ఆమె ముందుంది. తన పేరుతో పాటు తండ్రి పేరు కూడా సరిచేయించుకుంది. తీసేసిన ఆ 'మ' కనీసం తన కాగితాల్లోకైనా తిరిగి వచ్చింది.

కొన్నేళ్ళకి ఒక ఫోను వచ్చింది. అప్పటికి నేనూ ఆ గదిలో చేరాను కాబట్టి ఇది నేను కళ్ళారా చూశాను. ఆఫీసు ఫోను ఆమే ఎత్తింది. ఎవరో టర్కీ నుంచి మాట్లాడుతున్నారు. ఆమె కాసేపు విని, "కాదండీ, మీరు వేరే ఎవరికో చేశారు" అని పెట్టేసింది.

"ఎవరు?" అన్నాను.

"బుర్సా నుంచి. రమజాన్ ఉయ్సల్ గారమ్మాయేనా అని అడుగుతున్నాడు."

మళ్ళీ పనిలో పడింది. ఒకటి రెండు వరసలు కొట్టి ఆగిపోయింది. టర్కీలో రమదాన్ని రమజాన్ అంటారు. వలస వెళ్ళినవాళ్ళకి అక్కడ కొత్త ఇంటిపేరు ఇస్తారు. రెండూ ఆమెకు తెలిసిన విషయాలే. తిరిగి చేద్దామంటే నంబరు లేదు. మర్నాడు తమ్ముడు ఫోను చేసేసరికి తండ్రి ఖననం అయిపోయింది. "పక్కింటాయన చేత చేయించాను, నువ్వు కాదన్నావట" అన్నాడట. ఆమె అది నాకు చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. సెలవు కూడా పెట్టలేదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకి జరిగింది.

పన్నులకి కొత్త ప్రోగ్రాము తెస్తున్నామన్నారు. పాత జాబితాలన్నీ ఒక పెద్ద ఎక్సెల్ షీటులో పోసి, శుభ్రం చేసి, దాన్లోకి ఎక్కించాలి. అప్పటిదాకా పేరంతా ఒకే గడిలో ఉండేది. ఒకడు అన్నీ పెద్దక్షరాల్లో, ఇంకొకడు ఇంటిపేరు ముందు పెట్టి, మరొకడు బ్రాకెట్లో పాత పేరు రాసి. ఇప్పుడు దాన్ని మూడు నిలువు గడుల్లోకి విడగొట్టాలి: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. మా విభాగాధిపతి పెంచెవ్ ఆ పని నెఫీసెకు అప్పగించాడు. ప్లోవ్‌దివ్ నుంచి కంపెనీ తరఫున లుబెన్ అనే ఇంజనీరు వారానికోసారి వచ్చేవాడు. మర్యాదస్తుడు. వచ్చేటప్పుడు మాకు బిస్కట్లు తెచ్చేవాడు.

చలికాలమంతా ఆమె ఆ షీటు మీదే ఉంది. బల్గేరియన్ల పేర్లు సులువుగానే విడిపోయాయి. చిక్కంతా టర్కుల పేర్లతోనే. కోర్టుకి వెళ్ళి పేరు మార్చుకున్నప్పుడు కొందరు చివర ఉన్న బల్గేరియన్ తోకలు, మగవాళ్ళ 'ఒవ్', 'యెవ్'లు, ఆడవాళ్ళ 'ఒవా', 'యెవా'లు తీయించేసుకున్నారు, కొందరు ఉంచుకున్నారు. భర్త సాలి, భార్య సాలియెవా, కొడుకు సాలియెవ్. కొందరికి రెండే పేర్లు. పైగా ఒక్కొక్కరికి రెండేసి వరసలు ఉండేవి, ఎనభై అయిదు నాటి పేరుతో ఒకటి, ఇప్పటి పేరుతో ఒకటి. ప్రభుత్వం మనిషికొకటి ఇచ్చే పౌరసంఖ్య మాత్రం రెండింటికీ ఒకటే.

నెఫీసె ఆ జంట వరసలు పక్కపక్కన వచ్చేట్టు పెట్టుకుంది, పాతది పైన, కొత్తది కింద. చూసి ఏది ఉంచాలో పక్క గడిలో రాసుకునేది: "కింది దాన్ని ఉంచాలి, కోర్టు కాగితం చూశాను."

లుబెన్ ఒకరోజు ఆమె వెనక నిలబడి చూశాడు. "అక్కా, ఇలా ఒక్కొక్కటీ చూస్తూ పోతే ఈస్టర్ కూడా దాటిపోతుంది."

"దాటనీ."

"ఇంటిపేర్లు ఒకే తీరులో లేకపోతే ఒక ఇంటివాళ్ళని ప్రోగ్రాము కలపలేదు. అందరికీ చివర్లు తగిలించేద్దాం. ఆడో మగో పౌరసంఖ్యలో అంకె చూస్తే తెలిసిపోతుందిగా. ఫార్ములా నేను రాసిస్తాను."

"వద్దు నాయనా. ఎవరి కాగితం మీద ఎట్లా ఉంటే అట్లానే ఉండాలి. అడ్రసు చూసి కలుపుకోమను నీ ప్రోగ్రాముని."

అతను తలూపాడు. నిజంగానే ఒప్పుకున్నాడని నేను అనుకున్నాను. కానీ పెంచెవ్ గడువు గురించి రోజూ ఫోను చేస్తున్నాడట అతనికి. మార్చి మొదట్లో నెఫీసెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. లుబెన్ వచ్చి ఆమె బల్ల దగ్గర కూర్చున్నాడు, ఆమె ఫైలే తెరిచాడు. నన్ను బిస్కట్లు తినమన్నాడు. చివర్లు లేని ఇంటిపేర్లన్నిటికీ ఫార్ములాతో చివర్లు తగిలించాడు. ఒకే పౌరసంఖ్య రెండుసార్లు వచ్చిన చోట జంటలో ఒకదాన్ని తీసేయమని యంత్రానికి చెప్పాడు. యంత్రం పై వరస ఉంచి కింద వరస తీసేస్తుంది. ఆమె పక్క గడిలో రాసుకున్న మాటలు యంత్రం చదవదు. పైనున్నవన్నీ ఎనభై అయిదు నాటి పేర్లు.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి నోటీసులు అచ్చయి, కవర్లలో పెట్టి, పోస్టులో పడిపోయాయి.

మొదట వచ్చింది జెవ్రియె అత్త. ఎగువ పల్లెలో పొగాకు వేసే ముసలావిడ. బస్సు దిగి నేరుగా నా కౌంటరుకే వచ్చింది. కవరు తెరవలేదు. పైన ఉన్న పేరు నాకు కనబడేట్టు అద్దానికి ఆనించి పట్టుకుంది.

"ఈ యెలెనా ఎవరమ్మా?"

నేను చూశాను. అడ్రసు ఆమెదే.

"మా ఇంట్లో ఉంటోందని రాశారు. నాకు కనబడలేదు. మీకు కనబడితే చెప్పండి, మేకల కొట్టం ఊడవడానికి మనిషి కావాలి నాకు."

"అత్తా, ఏదో పొరపాటు పడింది, సరిచేస్తాం."

"పొరపాటా? పోయినసారి కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఈసారి పోస్టులో పంపారు. ఖర్చు తగ్గిందిలే మీకు."

ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళ చేతుల్లోనూ కవర్లే. అప్పుడు నెఫీసె తన కుర్చీలోంచి లేచి వచ్చింది. జ్వరం తగ్గి ఆ వారమే పనిలోకి వచ్చింది. అద్దం ఇవతలి నుంచి కవరు మీది పేరు చదివింది. జెవ్రియె అత్త ఆమెని చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వు రమదాన్ కూతురివి కదూ. కౌన్సిల్లో టైపు కొట్టేదానివి."

"అవునత్తా."

"ఇంకా ఆ పని మానలేదా నువ్వు?"

గొంతు పెంచలేదు ఆవిడ. కవరు కౌంటరు మీద పెట్టి, పక్కనున్న వాళ్ళని దాటుకుంటూ వెళ్ళిపోయింది. నెఫీసె ఆ కవరు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేను "నువ్వు కాదు కదా, లుబెన్ కదా" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఫైలు తెరిచి, పై నుంచి కిందికి జరుపుతూ పోయింది. నెవేనా రదానొవా స్లావొవా అన్న తన సొంత వరస దగ్గర కూడా ఆగలేదు.

వారం తిరిగేసరికి రాజధాని నుంచి టీవీ వాళ్ళు దిగారు. టర్కుల పార్టీ మా గుమ్మం ముందు మీటింగు పెట్టింది. మున్సిపల్ కౌన్సిల్లో వాళ్ళ పెద్ద మనిషి షెఫ్కెత్ మెట్ల మీద నిలబడి, ఇది జాతి మీద రెండో దాడి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మీటింగు అయ్యాక ఆయనే పెంచెవ్ గదిలోకి వెళ్ళాడు. కాఫీలు పట్టుకెళ్ళింది నేనే కాబట్టి విన్నాను.

"ఎవరో ఒకరు పోవాలి పెంచెవ్. జనం ఊరుకోరు."

"కంపెనీని అంటే కాంట్రాక్టు ఆగుతుంది. కాంట్రాక్టు మీవాళ్ళు కూడా సంతకం పెట్టిందే."

షెఫ్కెత్ కప్పులో చక్కెర కలుపుకున్నాడు. "ఫైలు ఎవరి చేతుల మీదుగా వెళ్ళింది?"

"నెఫీసె చేతుల మీదుగానే. ఆఖరున ఆమె పేరు మీదే సేవ్ అయింది."

"మా మనిషే కదా," అన్నాడు షెఫ్కెత్. చెంచా పక్కన పెట్టి, "అదే నయం. మా మనిషే చేసిందంటే ఇక జాతి గొడవ అనడానికి ఎవరికీ నోరు లేవదు" అన్నాడు.

పెంచెవ్ నన్ను తలుపు వేసి వెళ్ళమన్నాడు.

నేను ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. జ్వరంతో ఇంట్లో ఉన్న రోజుల సంగతి రాసివ్వు, నేను సాక్ష్యం చెప్తాను అన్నాను. నిజంగానే చెప్పేదాన్ని. ఆమె కింది మిషను కాఫీ తాగుతూ నా మాట మొత్తం విన్నది.

"రాసిస్తే ఏమవుతుంది?"

"ఉద్యోగం నిలుస్తుంది."

"జెవ్రియె అత్తకి ఎవరు చెప్తారు? పల్లె పల్లెకీ తిరిగి నువ్వు చెప్తావా? వాళ్ళకి టైపు కొట్టిన పిల్ల గుర్తుంది దోబ్రా. లుబెన్ ఎవరో వాళ్ళకి తెలీదు. ఆ జంట వరసల్లో పాతది పైన పెట్టింది నేనే. చూసుకోవడానికి సులువుగా ఉంటుందని."

"అది తప్పు కాదు."

"అప్పుడు 'మ' తీసినప్పుడూ అది తప్పు కాదనే అనుకున్నాను."

పెంచెవ్ ఆమెని పిలిచి, ఇద్దరి అంగీకారంతో ఉద్యోగం మానుకుంటున్నట్టు కాగితం ముందు పెట్టాడు. అయితే తేదీ నెలాఖరుకి వేశాడు. కారణం తనే చెప్పాడు, సిగ్గు లేకుండా.

"పోయే లోపల ఆ పేర్లు సరిచేసి పోవాలి నెఫీసె. వేరే ఎవరికీ తెలీదు ఏది ఎవరిదో. లుబెన్ కూడా నువ్వుంటేనే అవుతుందంటున్నాడు."

ఆమె సంతకం పెట్టింది. వచ్చి కూర్చుంది. నెలాఖరు దాకా రోజూ వచ్చింది. నేనైతే ఆ ఫైలు మొత్తం చెరిపేసి పోయేదాన్ని. ఆమె పాత కాపీ వెతికి తీసి, తన పక్క గడి మాటలు ఒక్కొక్కటీ చూసుకుంటూ, అందరి పేర్లూ వాళ్ళవాళ్ళ కోర్టు కాగితాల్లో ఉన్నట్టుగా తిరిగి పెట్టింది. చివర్లు కోరుకున్నవాళ్ళకి చివర్లు, వద్దన్నవాళ్ళకి లేకుండా. చనిపోయినవాళ్ళ విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయింది. పేరు తిరిగి తీసుకోకుండా పోయిన వాళ్ళకి మార్చడానికి అప్పటికి దారి లేదు. వాళ్ళు ప్రభుత్వం పెట్టిన పేర్లతోనే ఉండిపోయారు. ఆ వరసలు వచ్చినప్పుడు ఆమె మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునేది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టేది.

లుబెన్ ఆ నెలలో ఒక్కసారే వచ్చాడు. బిస్కట్లు తేలేదు. ఆమె ముందు నిలబడి, "అక్కా, నేను పెంచెవ్ గారికి చెప్పాను, తప్పు నాదని" అన్నాడు.

"ఆయనేమన్నాడు?"

"అందులో తలదూర్చడం నా పని కాదన్నాడు."

"అయితే కూర్చో. ఈ రెండు పేర్ల వాళ్ళకి తండ్రి గడి ఖాళీగా ఉంటే నీ ప్రోగ్రాము ఒప్పుకునేట్టు చెయ్యి. అది నీ పనే."

అతను కూర్చుని చేశాడు.

ఆఖరి రోజున వీడ్కోలు టీ ఏమీ లేదు. పెంచెవ్ ఆ రోజు సెలవు పెట్టాడు. ఆమె తన కప్పూ, కుర్చీ మీద వేసుకునే ఉన్ని శాలువా సంచిలో పెట్టుకుంది. నేను కింది దాకా వెళ్ళాను. మెట్ల దగ్గర నన్ను కౌగిలించుకుంది. ఆమె ఒళ్ళు పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఒళ్ళులా కాలుతోంది. జ్వరం మళ్ళీ తగిలిందేమో.

కొత్త నోటీసులు వెళ్ళాయి. జనం మళ్ళీ నా కౌంటరుకి వచ్చారు. చెత్త తీయకుండా పన్నెందుకు అని మామూలుగా అరిచారు. పేర్ల మాట ఎవరూ ఎత్తలేదు. పేరు సరిగ్గా ఉన్నప్పుడు ఎవరు చూస్తారు. జెవ్రియె అత్త కూడా వచ్చి కట్టి వెళ్ళింది. నేను ధైర్యం చేసి, "అత్తా, మీ పేరు సరిచేసింది నెఫీసేనే" అన్నాను.

"పాడుచేసిందీ అదేగా," అంది ఆవిడ, చిల్లర లెక్క చూసుకోకుండా సంచిలో వేసుకుంటూ.

నెఫీసె ఇప్పుడు ఊరి చివర గ్రీకులు నడిపే బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల చేతులు కుడుతోంది. అక్కడ తన పల్లె ఆడవాళ్ళే ఎక్కువ. భోజనం బెల్లు కొట్టాక ఆమె బెంచీ మీద ఎవరూ కూర్చోరని అక్కడ పనిచేసే మా మరదలు చెప్పింది. ఆదివారాలు ఇంటికి రమ్మని నేను పిలుస్తూనే ఉన్నాను. మొన్న బస్టాపులో కనబడితే మళ్ళీ పిలిచాను.

"వస్తాను," అంది. "నువ్వు మాత్రం మా ఇంటికి రాకు దోబ్రా. మున్సిపాలిటీ మనిషి వచ్చిందంటే వీధిలో మళ్ళీ పేర్ల గొడవ మొదలవుతుంది."

"నీ చేయి చూపించు," అన్నాను. సూది దిగి చూపుడువేలు గోరు నల్లబడి ఉంది.

"అలవాటవుతుందిలే," అంది. బస్సు రాగానే ఎక్కి వెనక సీట్లోకి వెళ్ళి, కిటికీ వైపు కూర్చుంది.